విశ్వవిద్యాలయ విభాగ గ్రంథాలయం

విభాగ గ్రంథాలయం అనగా విశ్వవిద్యాలయంలోని ఒక బోధనా విభాగం (ఉదా: తెలుగు, గణితం, భూగర్భశాస్త్రం) తన అధ్యాపకులు, పరిశోధకులు, విద్యార్థుల కొరకు నిర్వహించుకునే గ్రంథాలయం. ఇది విశ్వవిద్యాలయపు కేంద్ర గ్రంథాలయానికి అనుబంధంగా ఉంటుంది. జిల్లా గ్రంథాలయ సంస్థలు పట్టణాలలో, గ్రామాలలో నడిపే శాఖా గ్రంథాలయాలు దీనికి భిన్నమైనవి. సాధారణంగా ఒకటి రెండు గదులలోనే ఉండే ఈ గ్రంథాలయాలకు ముఖ్యమైన సమస్యలు రెండు. పుస్తకాలు పెరిగినంతగా గది పెరగదు. ఆన్‌లైన్ వనరులు అందుబాటులో ఉన్నా అవి పాఠకుని కంట పడవు.

నేపథ్యం

భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడుగా పేరొందిన ఎస్.ఆర్.రంగనాథన్ (1892-1972) 1931లో ప్రచురించిన పంచ సూత్రాలలో చివరిది గ్రంథాలయం పెరిగే జీవి అని చెబుతుంది. నాలుగవది పాఠకుని సమయాన్ని ఆదా చేయమంటుంది. పుస్తకాలు తరగతి గదికి, ప్రయోగశాలకు దగ్గరలో ఉండాలన్న ఆలోచన నాలుగవ సూత్రానికి అనుగుణమైనదే. కాని చిన్న గదిలో అయిదవ సూత్రం దానికి అడ్డు వస్తుంది.

స్థలం లెక్క

ఆరు అరలు, ఒక్కో అర 90 సెం.మీ. పొడవు గల ఉక్కు ర్యాకులో మొత్తం 5.4 మీటర్ల అర లభిస్తుంది. మీటరుకు సుమారు 30 పుస్తకాల చొప్పున దీనిలో దాదాపు 160 పుస్తకాలు పడతాయి. అయితే కొత్త పుస్తకాలను వర్గీకరణ క్రమంలో మధ్యలో చేర్చడానికి నాలుగవ వంతు ఖాళీ వదలవలసి ఉంటుంది. కనుక ఆచరణలో ర్యాకుకు 120 పుస్తకాలు అని లెక్క వేసుకోవడం మంచిది.

బైండు చేసిన పత్రికలకు ఇంకా ఎక్కువ చోటు కావాలి. ఒక విభాగం 12 పత్రికలు తెప్పిస్తూ, ఒక్కొక్క దానిని ఏడాదికి 5 సెం.మీ. మందం గల రెండు సంపుటాలుగా బైండు చేయిస్తే, ఏడాదికి 1.2 మీటర్లు, పదేళ్లకు 12 మీటర్లు అర అవసరమౌతుంది. అంటే పత్రికలకే రెండు ర్యాకులు నిండిపోతాయి.

నేల మోయగల భారం

స్థలం చాలనప్పుడు పట్టాలపై జరిగే కాంపాక్ట్ ర్యాకులు అమర్చడం ఒక పద్ధతి. మధ్యలో నడవాలు తగ్గడం వలన అదే గదిలో దాదాపు రెట్టింపు పుస్తకాలు పడతాయి. భారం కూడా అదే మేరకు పెరుగుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 (రెండవ భాగం) ప్రకారం తరగతి గది నేలను చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల భారానికి రూపొందిస్తారు. పుస్తక నిల్వ గదికి కనీసం 6 కిలోన్యూటన్లు కావాలి, 2.2 మీటర్లకు మించిన ప్రతి మీటరు ఎత్తుకు మరో 2 కిలోన్యూటన్లు కలపాలి. విభాగ గ్రంథాలయాలు పై అంతస్తులోని పాత తరగతి గదులలో ఉన్నప్పుడు ఇంజనీరు పరిశీలన లేకుండా ర్యాకులు పెంచడం ప్రమాదకరం.

పుస్తకాల ఏరివేత

వాడుకలో లేని పుస్తకాలను అరల నుండి తీసివేయడాన్ని ఏరివేత అంటారు. గ్రంథాలయంలో అరువుకు వెళ్లే వాటిలో 80 శాతం, మొత్తం పుస్తకాలలోని 20 శాతం నుండే వస్తాయని రిచర్డ్ ట్రూస్వెల్ 1969లో వివరించాడు. 1979లో వెలువడిన పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ అధ్యయనం ప్రకారం అక్కడ కొన్న పుస్తకాలలో దాదాపు 40 శాతం మొదటి ఆరేళ్లలో ఒక్కసారి కూడా అరువుకు వెళ్లలేదు. అయితే అరువు లెక్కలలో పాఠకుడు గదిలోనే కూర్చుని చూసిన పుస్తకాలు చేరవు. అందువలన ఆ లెక్క ఒక్కదానినే నమ్మి పుస్తకం తీసివేయరాదు.

ఏరివేతకు మరొక ఆటంకం జవాబుదారీ భయం. పుస్తకం తగ్గితే తనపైకి వస్తుందని గ్రంథపాలకుడు చిరిగిన పాఠ్యపుస్తకాలను కూడా దాచి ఉంచుతాడు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) ఈ విషయంలో కొంత వెసులుబాటు ఇచ్చాయి. వీటి ప్రకారం ఏడాదిలో అరువిచ్చిన లేదా సంప్రదించిన ప్రతి 1,000 సంపుటాలకు అయిదు వరకు పోవడం సహజ నష్టంగా పరిగణించవచ్చును. 1,000 రూపాయలకు మించిన విలువ గలవి, అరుదైనవి పోతే మాత్రం విచారణ తప్పనిసరి.

ఆన్‌లైన్ వనరులు

స్థల సమస్యకు, ఆన్‌లైన్ వనరులకు సంబంధం పాతదే. పాత పత్రికల సంపుటాలు గ్రంథాలయాల అరలను ఆక్రమించడం చూసి, మెలన్ ఫౌండేషన్ అధ్యక్షుడు విలియం బోవెన్ చేసిన ఆలోచన నుండి 1995లో జేస్టోర్ ఏర్పడింది.

భారతదేశంలో విశ్వవిద్యాలయ అనుదాన సంఘం 1991లో ఆరంభించిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ కార్యక్రమం 1996లో స్వతంత్ర కేంద్రంగా మారింది. ఇది గాంధీనగర్‌లో ఉన్నది. దీని ద్వారా విశ్వవిద్యాలయాలకు అందిన పత్రికల పథకాలు 2015లో ఇ-శోధసింధుగా విలీనం చేయబడ్డాయి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకం 2025 జనవరి 1న మొదలయ్యింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించిన ఈ పథకం 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందించేందుకు ఉద్దేశించినది.

చందా, సొంతం

అచ్చు పత్రికకు చందా ఆపినా పాత సంచికలు అరలో మిగులుతాయి. ఆన్‌లైన్ పత్రికకు చందా ఆగితే, ఒప్పందంలో శాశ్వత ప్రాప్తి నిబంధన లేనిచో, పాత సంచికలు కూడా అందకుండా పోవచ్చును. కనుక అచ్చు సంపుటాలు తొలగించే ముందు ఈ నిబంధనను చదవడం అవసరం.

ఉచిత వనరులకూ ఈ ప్రమాదం ఉన్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ చేయబడ్డాయి. తరువాతి కాలంలో ఆ సైటు అందుబాటులో లేకుండా పోయింది. వాటి ప్రతులు పెద్ద సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చబడి ఉండడం వలన పాఠకులకు దొరుకుతున్నాయి. స్కానింగులో పుటలు తప్పిపోయిన పుస్తకాలకు అచ్చు ప్రతే ఆధారం.

ఏది ఉంచాలి, ఏది తీయాలి

* శాశ్వత ప్రాప్తి గల పత్రికల బైండు సంపుటాలు: కేంద్ర గ్రంథాలయంలో ఒక ప్రతి ఉన్నదని నిర్ధారించుకుని తీయవచ్చును.
* పాఠ్యపుస్తకాల పాత ముద్రణలు: కొత్త ముద్రణ వచ్చాక ఒక ప్రతి ఉంచితే చాలును.
* స్థానిక ప్రచురణలు, తెలుగు పత్రికల పాత సంచికలు, విభాగపు సిద్ధాంత గ్రంథాలు: వాడుక తక్కువైనా ఉంచాలి. వేరేచోట దొరకకపోవచ్చును.
* శోధగంగలో పూర్తి పాఠం ఉన్న సిద్ధాంత గ్రంథాల అదనపు ప్రతులు: తీయవచ్చును.

వనరులను కనబడేటట్లు చేయడం

కేటలాగులో అచ్చు పుస్తకం పక్కనే దాని ఆన్‌లైన్ లంకె ఉండాలి. న్యూజీలాండ్‌లో తయారై 2000లో వాడుకలోకి వచ్చిన కోహా, ఇన్‌ఫ్లిబ్‌నెట్ రూపొందించిన సోల్ అనే సాఫ్టువేర్లు ఈ పనికి ఉపయోగపడతాయి. కోహా ఉచితంగా లభిస్తుంది. పత్రికలు ఆన్‌లైన్‌కు మారినపుడు అర అంచున ఆ విషయం తెలిపే చీటీ, క్యూఆర్ కోడ్ అతికిస్తే పాఠకుడు వెనుదిరిగి వెళ్లడు. ప్రాంగణం బయట ఉన్నవారి కొరకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇన్‌ఫెడ్ సదుపాయం ఉన్నది. వసతిగృహంలో గాక ఊరిలో ఉండి చదువుకునే పరిశోధకులకు ఇది ముఖ్యం. ఖాళీ అయిన అరల స్థానంలో బల్లలు, కుర్చీలు, విద్యుత్ ప్లగ్గులు అమర్చితే గది తిరిగి పఠనాలయంగా ఉపయోగపడుతుంది.

ఇవి కూడా చూడండి

* గ్రంథాలయం
* ఎస్.ఆర్.రంగనాథన్
* శోధగంగ