తొమ్మిదో నంబరు చొక్కా

మాంట్రియాల్‌లో చలి ముదిరాక మా వీధి చివరి పార్కులో మున్సిపాలిటీవాళ్ళు రాత్రిపూట గొట్టాలు పెట్టి నేలంతా నీళ్ళు పడతారు. తెల్లారేసరికి అది అద్దం. పిల్లలు కత్తుల బూట్లు తొడుక్కుని, వంకీ కర్రలతో నల్లటి రబ్బరు బిళ్ళ వెంట పడతారు. వాళ్ళల్లో ఎవడో ఒకడి వీపు మీద ఇప్పటికీ తొమ్మిది అంకె కనిపిస్తుంది. అది మాంట్రియాల్ ఐస్ హాకీ ఆటగాడు మోరిస్ రిషార్ నంబరు.

సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందేల బరుల దగ్గర నిలబడ్డవాళ్ళకి ఐస్ హాకీ గురించి వేరే చెప్పక్కర్లేదు. చుట్టూ కంచె, కాళ్ళకి కత్తులు, ఊగిపోయే జనం. ఆటగాళ్ళు చేతితొడుగులు విసిరేసి కలబడితే రిఫరీలు కాసేపు చూస్తూ ఊరుకుంటారు కూడా. డేగా కాకా అని రంగు చూసి, వారం, దిక్కు చూసి పందెం కాసే మనవాళ్ళు రిషార్‌ని చూసుంటే కళ్ళు చూసి కాసేవారు. ఎదుటి గోల్‌కీపర్లు చెప్పుకున్నది ఆ కళ్ళ గురించే. ఈ పండక్కీ ఊరు రాలేకపోయాను, అందుకే ఈ పోలిక వదలబుద్ధి కావట్లేదు.

రిషార్ 1921లో పుట్టాడు, రైల్వే కంపెనీ పనివాడి కొడుకు. మొదట్లో చీలమండ విరిగి, మణికట్టు విరిగి, వీడు నిలవడనిపించుకున్నాడు. 1944 డిసెంబరు 28న పగలంతా ఇల్లు మారుతూ సామాన్లు మోశాడు. ఒళ్ళు హూనమైందంటూనే రాత్రి దిగి డెట్రాయిట్ మీద 5 గోల్సు కొట్టి, మరో 3 కొట్టించాడు. ఆ సీజన్లో 50 ఆటల్లో 50 గోల్సు. అంతకుముందు ఎవరి వల్లా కాలేదు.

ఆ రోజుల్లో ఈ ఊళ్ళో కూలి ఫ్రెంచివాడిది, కుర్చీ ఇంగ్లీషువాడిది. 1955 మార్చిలో బోస్టన్‌లో తల మీద కర్ర దెబ్బ తిన్న రిషార్, కొట్టినవాడి మీదకి ఉరుకుతూ, అడ్డొచ్చిన లైన్స్‌మన్‌ని గుద్దాడు. లీగు అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్ మిగిలిన సీజన్‌కే కాదు, కప్పు ఆటలకీ అతన్ని దూరం పెట్టాడు. గుద్దడం తప్పే. జనం మాత్రం శిక్ష వేసిందెవరని చూశారు: ఫ్రెంచివాడికి ఇంగ్లీషువాడు. మర్నాడు మాంట్రియాల్ ఆటకి క్యాంప్‌బెల్ దర్జాగా వచ్చి కూర్చున్నాడు! గుడ్లు, టమాటాలు పడ్డాయి, బాష్పవాయువు పేలింది, ఆట డెట్రాయిట్‌కి ఇచ్చేశారు, సెయింట్ క్యాథరిన్ వీధిలో దుకాణాల అద్దాలు పగిలాయి. చివరికి రిషారే రేడియోలో శాంతించమని అడగాల్సొచ్చింది. క్వెబెక్ ఫ్రెంచివాళ్ళు తలెత్తింది ఆ రాత్రేనంటారు చాలామంది. నేను కొంచెం తగ్గించి నమ్ముతాను. కోళ్ళ పేరు చెప్పి మనుషులు కొట్టుకోవడం చూసినవాణ్ణి, ఆ కోపం కోడిది కాదని తెలుసు.

తర్వాత 1956 నుంచి అతని జట్టుకి వరసగా 5 కప్పులు. 1960లో 544 గోల్సుతో ఆట మానేశాడు. ఇప్పటివాళ్ళ కోట్లు అప్పుడెక్కడివి? ఇంటి నుంచి గాలాల దారం అమ్ముకున్నాడు. ఆ మాట వినగానే నాకు మా ఊరివైపు వలంధర రేవే గుర్తొచ్చింది. 2000లో అతను పోతే చివరిచూపుకి లక్షమందికి పైగా వరస కట్టారు.

ఏటా ఎక్కువ గోల్సు కొట్టినవాడికి ఇప్పుడు రిషార్ పేరున ట్రోఫీ ఇస్తారు. క్యాంప్‌బెల్ పేరునా ఒకటుంది. గెలిచిన జట్ల కెప్టెన్లు చాలామంది దాన్ని చేత్తో ముట్టుకోరు. ముట్టుకుంటే అసలు కప్పు చేజారుతుందట.