గుమ్మం దగ్గరి ప్రశ్న

వీధిబడిలో కొత్త పిల్లవాణ్ణి చేర్చడానికి తీసుకెళితే పంతులుగారు ముందు అడిగే మాట: ఎంతవరకు వచ్చింది? ఓనమాలు దిద్దాడా, గుణింతాలు పట్టుబడ్డాయా, ఎక్కాలు ఎన్నో ఎక్కం దాకా వచ్చాయి? చెప్పినదాన్ని బట్టి ఇసుకలో దిద్దే పిల్లల పక్కనో, పద్యాలు వల్లించేవాళ్ల పక్కనో కూర్చోబెట్టేవారు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి పంపిన నివేదికలో ఈ పద్ధతి కనిపిస్తుంది. వచ్చిన చదువును బట్టి పిల్లల్ని జట్లుగా చేసేవారు. కింది జట్లను కొంతవరకు పెద్ద పిల్లలు చూసుకునేవారు, పై జట్లను పంతులు స్వయంగా చూసేవారు. జిల్లా మొత్తానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఆ బడుల్లోకి అడుగుపెట్టలేని కులాలు ఎన్నో ఉన్నాయి, ఆడపిల్లలు లేరన్నంత తక్కువ. దాన్ని స్వర్ణయుగం అనను. కానీ లోపలికి వచ్చిన పిల్లవాడికి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడానికే అక్కడ ప్రశ్న అడిగేవారు.

గుమ్మం దగ్గర అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. అది ఇంతకంటే చాలా పాతది: నిన్ను లోపలికి రానివ్వాలా, వద్దా? ఏడో శతాబ్దంలో నలందలో చదివిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ అక్కడి ద్వారపండితుల సంగతి రాశాడు. దూరదేశాల నుంచి వచ్చినవాళ్లను వాళ్లు తలుపు దగ్గరే కఠినమైన ప్రశ్నలతో పరీక్షించేవారు. పదిమందిలో ఏడెనిమిది మంది వెనుదిరిగేవారట. మన కాలేజీ ప్రవేశాలన్నీ ఈ రెండో ప్రశ్న దారినే నడిచాయి. మొదటి ప్రశ్న వీధిబడితోపాటే పోయింది.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. అప్పటికి అవి పాఠాలు చెప్పే సంస్థలు కావు, పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థలు. అందుకే అవి మొట్టమొదట చేసిన పని ప్రవేశ పరీక్ష పెట్టడం. కలకత్తాలో దాని పేరే ఎంట్రన్స్. మద్రాసులో మెట్రిక్యులేషన్ అన్నారు. మన తాతల కాలంలో ‘మెట్రిక్ పాసయ్యాడు’ అంటే ఉద్యోగానికి అదే ఒక పట్టా. కానీ మెట్రిక్ పుట్టింది బడి ముగింపుగా కాదు, కాలేజీ గుమ్మంగా.

అమెరికాలో హార్వర్డ్ కాలేజీ 1874లో ప్రవేశానికి వచ్చేవాళ్ల చేత ఇంగ్లిషులో చిన్న వ్యాసం రాయించడం మొదలుపెట్టింది. మంచి బడుల నుంచి వచ్చిన పిల్లలు కూడా సొంతభాషలో తప్పుల్లేకుండా ఒక పేజీ రాయలేరని తేలింది. అయితే ఆ కాలేజీ వాళ్లను తిప్పిపంపి ఊరుకోలేదు. 1885లో మొదటి ఏడాదిలోనే వ్యాసరచనను ఒక పాఠంగా పెట్టింది. గుమ్మం దగ్గర దొరికిన సమాచారం తరగతి గదిలోకి వెళ్లడం ఈ చరిత్రలో నాకు విలువైన ఘట్టం.

మన దగ్గరికి వద్దాం. ఇంటర్మీడియట్ మార్కులు చూసి ఇంజనీరింగ్ సీట్లిచ్చిన కాలం ఒకటుంది. సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. డబ్బున్నవాళ్లు కర్ణాటక వెళ్లి డొనేషన్ కట్టి చేరేవారు. ఆ జాడ్యం ఇక్కడికీ పాకుతుంటే 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ప్రతిభను బట్టే ప్రవేశాలు జరగాలని అందులో ఉంది. 1986లో ఉమ్మడి ప్రవేశ పరీక్షగా ఎంసెట్ మొదలైంది. కలెక్టరు కొడుకైనా, కౌలురైతు కూతురైనా ఒకే పేపరు, ఒకే ర్యాంకుల జాబితా. సిఫార్సు ఉత్తరం పట్టుకుని ప్రిన్సిపాల్ గది బయట నిలబడాల్సిన అవసరాన్ని ఎంసెట్ తీసేసింది. దాన్ని తిట్టేవాళ్లు ఈ మేలును మరచిపోకూడదు.

కానీ ఆ పరీక్ష స్వరూపం చూడండి: మూడు గంటలు, 160 ప్రశ్నలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు. నిమిషానికి కొంచెం ఎక్కువ సమయం. ఈ నిర్మాణమే కోచింగ్ వ్యాపారాన్ని పెంచింది. ఇంటర్ చదువును మింగేసింది. ర్యాంకు విలువ పెరిగేకొద్దీ దొంగలూ వచ్చారు. 2016లో తెలంగాణ ఎంసెట్ మెడికల్ పేపర్ లీకై, పిల్లలు మళ్లీ సెప్టెంబరులో రాయాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాది నుంచి వైద్యవిద్య నీట్‌కు పోయింది.

తమిళనాడు 1984లో మొదలుపెట్టిన ప్రవేశ పరీక్షను, పల్లె పిల్లలకు అన్యాయం జరుగుతోందని 2006లో వద్దనుకుని ప్లస్ టూ మార్కులకే తిరిగి వెళ్లింది. మన దగ్గర ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. తెలంగాణ దాన్నీ తర్వాత తీసేసింది. ఎటు చూసినా వాదన గుమ్మం ఎత్తు గురించే. లోపలికి వచ్చిన పిల్లకు ఏం వచ్చు, ఏం రాదు అన్న మాట ఏ వాదనలోనూ వినపడదు.

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి ఏడాదికి లెక్కలు చెప్పాను. ఒక సంవత్సరం మొదటి రోజున ఐదు ప్రశ్నల కాగితం ఇచ్చాను. పేర్లు రాయమన్నాను గానీ మార్కులు వేయనని ముందే చెప్పాను. మంచి ర్యాంకుతో వచ్చిన ఒక అబ్బాయి నాలుగు లెక్కలు చకచకా చేసేశాడు. ఐదోది మాడ్ ఎక్స్ గ్రాఫు గీయడం. అక్కడ రెండు అక్షాలు గీసి ఆగిపోయాడు. నాలుగు బొమ్మలు ఇచ్చి ఉంటే సరైనది చూపించేవాడు. ఖాళీ కాగితం మీద గీయడం అతనికి ఎవరూ నేర్పలేదు.

గురుకులంలో తెలుగు మీడియం చదివి వచ్చిన ఒకమ్మాయి గ్రాఫు చక్కగా గీసింది. గుర్తులతో ఉన్న లెక్కలన్నీ చేసింది. ఇంగ్లిషు వాక్యాల్లో ఇచ్చిన నీళ్ల తొట్టి లెక్క మాత్రం ముట్టుకోలేదు. దగ్గరికి వెళ్లి, ‘‘శంకువు ఆకారంలో తొట్టి ఉందమ్మా, నీళ్లు నిండుతున్నాయి, మట్టం పెరిగే రేటు కనుక్కో’’ అన్నాను. కాగితం వెనక్కి తిప్పి అక్కడే చేసి చూపించింది. ‘‘కోన్ అంటే శంకువని తెలీదండీ’’ అంది, తలెత్తకుండా. అవకలజం తెలిసిన పిల్లకు డెరివేటివ్ అన్న మాట తెలియక మొదటి సెమిస్టరు పోతుంది. అబ్బాయికి గ్రాఫు కాగితాలు కావాలి, అమ్మాయికి నలభై మాటల పట్టిక కావాలి. వాళ్లిద్దరి ర్యాంకు కార్డుల్లో ఈ సంగతి ఎక్కడా లేదు.

కాబట్టి చేరిన పిల్లలను కాలేజీ పరీక్షించాలా అంటే, తప్పకుండా పరీక్షించాలి. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీలు ఇలాంటి పరీక్షే పెట్టి, తక్కువ వచ్చినవాళ్లను పట్టాకు లెక్కరాని ప్రాథమిక తరగతుల్లో వేసేవి. చాలామంది అక్కడే ఏళ్లు గడిపి, అసలు చదువు మొదలుపెట్టకుండానే మానేసేవారు. చివరికి 2017లో చట్టం చేసి, హైస్కూలు మార్కులు చూసి నేరుగా అసలు తరగతిలోనే చేర్చుకుని, కావాల్సిన సాయం పక్కన ఇమ్మన్నారు. మన కాలేజీల్లో ఈ పరీక్ష పెట్టి, ఫలితాలు నోటీసు బోర్డు మీద అంటించి, వెనకబడినవాళ్లను ఒక సెక్షన్‌లో కుక్కితే అది రెండో ఎంసెట్ అవుతుంది. అంతకన్నా పెట్టకపోవడమే మంచిది.

దీనికి కొత్త సంస్థ అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. మొదటి ఏడాది పిల్లలకు మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం పెట్టాలని ఏఐసీటీఈ ఎప్పుడో చెప్పింది. చాలాచోట్ల అది ఉపన్యాసాలతో, శాలువాలతో గడిచిపోతోంది. లెక్చరర్లకు నా విన్నపం: ఆ మూడు వారాల్లో ఒక్క గంట మీరు తీసుకోండి. ఐదు ప్రశ్నలు చాలు, ఆప్షన్లు వద్దు. ప్రశ్న ఇంగ్లిషులోనూ తెలుగులోనూ ఇవ్వండి. కాగితాలు మీరే దిద్దండి, మీ దగ్గరే ఉంచుకోండి. మర్నాటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో వాటిని చూసి నిర్ణయించుకోండి.