కింగ్ క్రిమ్సన్

కింగ్ క్రిమ్సన్ 1969లో లండన్‌లో మొదలైన ప్రోగ్రెసివ్ రాక్ బృందం. అర్ధశతాబ్దం దాటిన దీని చరిత్రలో మొదటి నుంచి చివరి దాకా నిలిచింది గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ ఒక్కరే. మిగతావాళ్లు వచ్చారు, వెళ్లారు. కొందరు తిరిగొచ్చారు కూడా.

1968లో గైల్స్ సోదరులతో కలిసి ఫ్రిప్ తెచ్చిన ఆల్బమ్‌ను కొన్నవాళ్లే లేరు. ఆ వైఫల్యంలోంచే కొత్త బృందం పుట్టింది. 1969 జనవరి 13న ఫుల్‌హామ్‌లోని ఒక కేఫ్ నేలమాళిగలో ఫ్రిప్, డ్రమ్మర్ మైకేల్ గైల్స్, గాయకుడు గ్రెగ్ లేక్, ఇయాన్ మెక్‌డొనాల్డ్ సాధన మొదలుపెట్టారు. పాటలు రాసిన పీటర్ సిన్‌ఫీల్డే బృందానికి పేరు కూడా పెట్టారు. జూలై 5న హైడ్ పార్క్‌లో రోలింగ్ స్టోన్స్ ఉచిత కచేరీకి ముందు లక్షల మంది ఎదుట వాయించారు. అక్టోబర్‌లో వచ్చిన తొలి ఆల్బమ్ 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్' బ్రిటన్‌లో 5వ స్థానానికి చేరింది.

ఆ ఆల్బమ్‌లో వాద్యబృందమంతా ఉన్నట్టు వినిపించేది నిజానికి మెలోట్రాన్ అనే కీబోర్డు వాద్యం. దాని ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే అందులో రికార్డయిన స్వరం సుమారు 8 సెకన్లు పలికి ఆగిపోతుంది. కరెంటు హెచ్చుతగ్గులకు శ్రుతి తప్పే ఈ మొండి యంత్రాన్ని ఊరూరా మోసుకెళ్లడం సాహసమే.

డిసెంబర్‌లో అమెరికా పర్యటన ముగిసేసరికి మెక్‌డొనాల్డ్, గైల్స్ తప్పుకున్నారు. వాళ్లు ఉంటామంటే తానే వెళ్లిపోతానన్నారు ఫ్రిప్; వాళ్లు ఒప్పుకోలేదు. తర్వాతి రెండేళ్లూ గందరగోళమే. బేసిస్టు దొరక్క, గాయకుడు బోజ్ బరెల్‌కు ఫ్రిప్ స్వయంగా బేస్ నేర్పారు.

1972లో అన్నీ మారాయి. అప్పటికే పేరు గడించిన యెస్ బృందాన్ని వదిలి బిల్ బ్రూఫోర్డ్ డ్రమ్స్ దగ్గరికి వచ్చారు. బేస్, గాత్రం జాన్ వెట్టన్‌వి, వయొలిన్ డేవిడ్ క్రాస్‌ది. తాళవాద్యాలు చూసుకున్న జేమీ మ్యూర్ మరుసటి ఏడే స్కాట్లండ్‌లోని బౌద్ధ మఠానికి వెళ్లిపోయారు. వేదిక మీద అప్పటికప్పుడు అల్లిన సంగీతమే ఈ బృందం బలం. 1974 సెప్టెంబర్‌లో ఫ్రిప్ బృందాన్ని రద్దు చేశారు. 'రెడ్' ఆల్బమ్ మార్కెట్లోకి వచ్చింది ఆ తర్వాతే. అప్పట్లో 45వ స్థానం దాటని ఆ రికార్డే కింగ్ క్రిమ్సన్ శిఖరమని చెప్పక తప్పదు.

1981లో తిరిగొచ్చిన బృందంలో ఇద్దరు అమెరికన్లు: ఏడ్రియన్ బెల్యూ, టోనీ లెవిన్. మెలోట్రాన్ పోయింది, ఇండోనేషియా గమెలాన్ వాద్యసంగీతాన్ని తలపిస్తూ రెండు గిటార్లు ఒకదానిలో ఒకటి అల్లుకున్నాయి. పాత అభిమానులు బిత్తరపోయారు. 1984లో మళ్లీ విరామం. 1994లో ఆరుగురితో, 2014లో ఏడుగురితో బృందం మళ్లీ లేచింది. ఏడుగురి బృందంలో డ్రమ్మర్లే ముగ్గురు, వాళ్లను వేదిక ముందు వరుసలో కూర్చోబెట్టారు. 1972లో వెళ్లిపోయిన శాక్సఫోన్ వాద్యకారుడు మెల్ కాలిన్స్ కూడా అందులో ఉన్నారు.

చివరి కచేరీ 2021 డిసెంబర్ 8న టోక్యోలో జరిగింది. 1980ల నాటి పాటలతో 2024లో బెల్యూ, లెవిన్ 'బీట్' అనే బృందంగా పర్యటించారు. ఆ పేరు సూచించింది ఫ్రిప్పే, తాను మాత్రం అందులో చేరలేదు.