సెలోనికా యూదులు

ఈజియన్ సముద్రపు ఉత్తర తీరంలోని సెలోనికా రేవులో 1492 తర్వాత దాదాపు నాలుగు శతాబ్దాల పాటు యూదులే అతిపెద్ద జనవర్గం. స్పెయిన్ వెళ్లగొట్టిన కుటుంబాలు ఇక్కడ చేరి, స్పానిష్ మాట్లాడుకుంటూ, శనివారం విశ్రాంతి పాటిస్తూ ఊరినంతా తమ వారపు లయలోకి తెచ్చుకున్నాయి. 1943లో ఐదు నెలల వ్యవధిలో నాజీలు ఆ సమాజాన్ని ఆష్‌విట్జ్‌కు తరలించి నిర్మూలించారు. ఐరోపా యూదుల చరిత్ర అనగానే ఊరి చివర వాడలో ఒదిగి బతికిన జనం గుర్తొస్తారు. ఇక్కడ మాత్రం ఊరి నడిబొడ్డే వాళ్లది.

నేడు గ్రీసులో భాగమైన ఈ నగరాన్ని థెస్సలొనీకి అంటున్నారు. తెలుగు బైబిలు చదివేవారికి ఇది థెస్సలొనీకగా పరిచయమే. పౌలు మూడు విశ్రాంతి దినాలు లేఖనాలెత్తి తర్కించినట్టు అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెప్పేది ఇక్కడి యూదుల సమాజమందిరం గురించే. రోమానియోట్లని పిలిచే ఆ పాత యూదులు గ్రీకు మాట్లాడేవారు. 1430లో ఊరు ఆటోమన్ తుర్కుల వశమైంది. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను గెలిచిన రెండో మెహ్మద్, బోసిపోయిన కొత్త రాజధానిని నింపడానికి రాజ్యం నలుమూలల నుంచి జనాన్ని తరలించాడు. అలా ఇక్కడి రోమానియోట్లూ వెళ్లిపోయారు. 1478 నాటి ఆటోమన్ లెక్కల్లో సెలోనికాలో ఒక్క యూదు కుటుంబం కూడా లేదు.

స్పెయిన్‌లో యూదుల కష్టాలు 1391లో ముదిరాయి. సెవిల్‌లో మొదలైన ఊచకోత ఊరూరా పాకింది. వేలమంది ప్రాణభయంతో బాప్తిస్మం తీసుకున్నారు. మతం మారినా అనుమానం వదల్లేదు. 1478లో పోపు అనుమతితో ఏర్పడిన మతవిచారణ సభ ఈ కొత్త క్రైస్తవుల ఇళ్లలోకి తొంగిచూసింది. శనివారం ఉతికిన బట్టలు కట్టుకోవడం, ఆ రోజు పొయ్యి రాజేయకపోవడం, పంది మాంసం ముట్టకపోవడం వంటి ఇంటి అలవాట్లే నేరానికి సాక్ష్యాలయ్యాయి. చివరికి 1492 మార్చి 31న ఫెర్డినాండ్, ఇసబెల్లా శాసనం జారీ చేశారు. జూలై నెలాఖరులోగా యూదులు మతం మారాలి, లేదా దేశం విడవాలి. ఆస్తులు అమ్ముకోవచ్చు గానీ బంగారం, వెండి, నాణేలు దేశం దాటించకూడదు. ఇల్లిచ్చి గాడిదను, ద్రాక్షతోట ఇచ్చి కాస్త గుడ్డను తీసుకున్నవాళ్లున్నారని ఆనాటి చరిత్రకారుడు బెర్నాల్దెస్ రాశాడు.

వీరికి చోటిచ్చినవాడు ఆటోమన్ సుల్తాను రెండో బాయెజిద్. ఇందులో దయ ఎంతో చెప్పలేం గానీ, జనం పలచబడ్డ రేవుకు పనిమంతులు కావాలన్న లెక్క మాత్రం కచ్చితంగా ఉంది. 16వ శతాబ్దం తొలి పాదం నాటికే ఊళ్లో సగానికి పైగా యూదులు. కట్టుకున్న మందిరాలకు వదిలొచ్చిన చోట్ల పేర్లే పెట్టుకున్నారు: కాస్టీల్, ఆరగాన్, కాటలాన్, మయోర్కా, లిస్బన్. పన్నుల వసూలు, బడి, పేదల నిధి మొదట్లో ఏ మందిరానివి ఆ మందిరానివే.

వెంట తెచ్చుకున్న వృత్తుల్లో ఉన్ని నేత ముఖ్యమైనది. సుల్తాను జానిసరీ సైన్యం తొడిగే గుడ్డ సెలోనికా మగ్గాల మీద తయారయ్యేది. 1568లో రబ్బీ మోషే అల్మోస్నీనో ఇస్తాంబుల్‌లో ఎంతోకాలం తిరిగి, సుల్తాను రెండో సెలీం నుంచి సమాజానికి హక్కుపత్రం సాధించుకొచ్చాడు. పన్ను కింద డబ్బుకు బదులు గుడ్డ ఇవ్వడం ఆ ఏర్పాటులో భాగం. తర్వాతి తరాలకు అదే గుదిబండ అయింది. 1637లో గుడ్డ నాసిరకంగా ఉందన్న కోపంతో, దాన్ని అప్పగించడానికి వెళ్లిన రబ్బీ యూదా కోవోకు సుల్తాను నాలుగో మురాద్ మరణశిక్ష వేశాడు. ఆటోమన్ సహనాన్ని పొగిడే పుస్తకాల్లో ఈ సంగతికీ చోటుండాలి.

ఇళ్లలో, బజారులో మాట్లాడే భాష లాదీనో. మధ్యయుగపు స్పానిష్‌కు హీబ్రూ, తుర్కీ మాటలు కలిసిన ఈ భాషను హీబ్రూ లిపిలో అచ్చువేసేవారు. సాదీ హలేవీ 1875లో స్థాపించిన ‘లా ఎపోకా’ పత్రిక అందులోనే వచ్చేది. రేవులో సరుకు దించే హమాలీలు మొదలుకొని పిండిమరల యజమానులైన అల్లతీనీల దాకా అన్ని అంతస్తుల్లోనూ యూదులే ఉండడంతో శనివారం రేవు మూతపడేది. ఆ రోజు వచ్చిన ఓడ మర్నాటిదాకా లంగరు వేసుకుని ఉండాల్సిందే. 1911లో తుర్కీ నేర్చుకోవడానికి ఇక్కడ కొన్నాళ్లున్న, తర్వాత ఇజ్రాయెల్ తొలి ప్రధాని అయిన బెన్ గురియన్‌ను ఆకట్టుకున్నది ఈ యూదు కూలీల ఊరే.

విశ్రాంతి దినాన నిప్పు రాజేయడం ధర్మశాస్త్రం ప్రకారం నిషిద్ధం. అందుకని శనివారపు వంట శుక్రవారం పొద్దుగూకకముందే పొయ్యెక్కేది. గుడ్లను ఉల్లిపొట్టుతో, కాస్త నూనెతో కుండలో నీళ్లుపోసి సన్నసెగ మీద రాత్రంతా వదిలేసేవారు. తెల్లారేసరికి పెంకు ముదురు గోధుమరంగుకు తిరిగేది. ఒలిస్తే లోపలి తెల్లసొన కూడా పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉండేది. ‘హువెవోస్ హమినాడోస్’ అనే ఈ గుడ్లను మందిరం నుంచి తిరిగొచ్చాక బొరేకాలనే పిండివంటతో కలిపి తినేవారు.

మతజీవితమూ ఎప్పుడూ ప్రశాంతంగా సాగలేదు. తానే మెస్సీయనని ప్రకటించుకున్న స్మిర్నా వాసి సబ్బతై జెవీ 1666లో సుల్తాను బెదిరింపుకు లొంగి ఇస్లాం స్వీకరించాడు. ఆ దెబ్బ ఇక్కడ గట్టిగా తగిలింది. 1683లో సుమారు 300 కుటుంబాలు అతని బాటనే మతం మారాయి. పైకి ముస్లింలుగా, లోపల తమదైన ఆచారాలతో బతికిన వీరిని దోన్మేలన్నారు.

1912లో గ్రీకు సైన్యం నగరంలోకి వచ్చింది. మరుసటి ఏటి జనాభా లెక్కల్లో 1,57,889 మందిలో యూదులు 61,439, ముస్లింలు 45,867, గ్రీకులు 39,956. 1917 ఆగస్టు 18, శనివారం నాడు ఒక ఇంట్లో మొదలైన మంటలు నగరం మధ్యభాగాన్ని కాల్చేశాయి. నిలువనీడ కోల్పోయినవారిలో 50,000కు పైగా యూదులే. కాలిన స్థలాలను సొంతదారులకు తిరిగి ఇవ్వకుండా ప్రభుత్వం కొత్త ప్లాను గీయించింది. దాంతో చాలామంది ఊరి శివార్లకు చేరారు. 1923లో గ్రీసు, తుర్కీల మధ్య జనాభా మార్పిడి జరిగి ముస్లింలు వెళ్లిపోయారు, ఆసియా మైనర్ నుంచి గ్రీకు కాందిశీకులు వచ్చారు. యూదులు తమ ఊళ్లోనే అల్పసంఖ్యాకులయ్యారు. 1924లో ఆదివారం సెలవు తప్పనిసరైంది. శనివారం పాటించే దుకాణదారు వారానికి రెండు రోజుల బేరం వదులుకోవాలి, లేదా విశ్రాంతి దినాన్ని వదులుకోవాలి. నెత్తురు చుక్క చిందని ఈ చట్టం సమాజాన్ని కుంగదీసినంతగా చాలా అల్లర్లు కూడా కుంగదీయలేదనిపిస్తుంది. 1931 జూన్‌లో జాతీయవాద మూకలు కాంప్‌బెల్ అనే పేద యూదుల వాడను తగలబెట్టాయి. ఆ తర్వాత వలసలు పెరిగాయి. సెలోనికా హమాలీలు కొందరు హైఫా రేవుకు వెళ్లి అక్కడ అదే పనిలో చేరారు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు 1941 ఏప్రిల్ 9న వచ్చారు. 1942 జూలై 11, అదీ శనివారమే, 18 నుంచి 45 ఏళ్ల మగవాళ్లను సుమారు 9,000 మందిని స్వాతంత్ర్య చౌకుకు రప్పించి, ఎండలో గంటల తరబడి గుంజీలు తీయించి, కొట్టి, తర్వాత రోడ్ల పనికి తోలారు. వారిని విడిపించడానికి సమాజం 200 కోట్ల డ్రాక్మాలకు పైగా చెల్లించే ఒప్పందం చేసుకుంది. ఆ బేరసారాల్లోనే శ్మశానం మాట వచ్చింది. సుమారు 35 హెక్టార్ల ఆ స్థలంపై నగర అధికారుల కన్ను ఎప్పటినుంచో ఉంది. 1942 డిసెంబరులో వందలమంది కూలీలు దిగి లక్షల సమాధులను పెళ్లగించారు. హీబ్రూ అక్షరాలున్న పాలరాతి పలకలు గోడల్లోకి, పెరటి అరుగుల్లోకి, చర్చి మరమ్మతుల్లోకి పోయాయి. ఆ నేల మీద నేడు అరిస్టాటిల్ విశ్వవిద్యాలయం ఉంది. ఈ పని జర్మన్లు ఒక్కరే చేసింది కాదని గ్రీసు ఒప్పుకోవడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

1943 ఫిబ్రవరిలో నాజీ అధికారి ఐఖ్‌మన్ మనుషులు విస్లిత్సెనీ, బ్రున్నర్ వచ్చారు. పసుపు నక్షత్రం తప్పనిసరైంది. రైల్వేస్టేషను పక్కనున్న బారన్ హిర్ష్ పేటకు కంచె వేశారు. 1917కు ముందరి మరో అగ్నిప్రమాదపు బాధితుల కోసం, రష్యా ఊచకోతల నుంచి పారిపోయి వచ్చిన యూదుల కోసం ఒక యూదు దాత డబ్బుతో 1890ల్లో కట్టిన పేట అది. మొదటి రైలు మార్చి 15న కదిలింది. ఎక్కేముందు జనం దగ్గరున్న డ్రాక్మాలు తీసుకుని, పోలండ్‌లో కొత్త జీవితానికంటూ చెల్లని జ్లోటీ రసీదులు చేతిలో పెట్టారు. ఆగస్టు నాటికి 45,000 మందికి పైగా ఆష్‌విట్జ్‌కు చేరారు. అత్యధికులను దిగిన రోజే గ్యాస్ గదులకు పంపారు. స్పానిష్ పౌరసత్వం చూపగలిగిన 367 మందిని మాత్రం బెర్గెన్ బెల్సెన్ శిబిరానికి పంపారు. స్పెయిన్ ప్రభుత్వం నెలల తరబడి తాత్సారం చేశాక, 1944 ఫిబ్రవరిలో వారు ఆ దేశం మీదుగా బయటపడ్డారు. పూర్వీకులను తరిమిన రాజ్యం ఇచ్చిన కాగితమే వారిని బతికించింది.

యుద్ధం తర్వాత నగరంలో మిగిలింది 2,000 మంది లోపే. రెడ్‌క్రాస్ గోదాముగా వాడుకోవడం వల్ల మొనాస్టిరియోట్ల మందిరం నిలిచింది. ఇళ్లు, దుకాణాలు అప్పటికే పరుల చేతుల్లో ఉండడంతో తిరిగొచ్చినవారు వాటికోసం కోర్టులకెక్కారు. 2014లో విశ్వవిద్యాలయ ఆవరణలో శ్మశానానికి స్మారకం వెలిసింది. అదే ఏడు మేయర్ యానిస్ బుతారిస్, నవనాజీ పార్టీ సభ్యుడొకరు కౌన్సిల్‌కు ఎన్నికైనందుకు నిరసనగా, ప్రమాణస్వీకారానికి పసుపు నక్షత్రం పెట్టుకుని వచ్చాడు. 2015లో స్పెయిన్, 1492లో వెళ్లగొట్టినవారి వారసులకు పౌరసత్వమిచ్చే చట్టం చేసింది. దరఖాస్తుల గడువు 2019లో ముగిసింది. ప్రస్తుతం థెస్సలొనీకి యూదు సమాజంలో సుమారు వెయ్యిమంది ఉన్నారు.