పట్టా ఎవరిది, సేద్యం ఎవరిది?

1933లో అమెరికాలో పత్తి ధర బాగా పడిపోయి ఉంది. చేలో ఉన్న పత్తిని కొంత దున్నేస్తే ప్రభుత్వం డబ్బిచ్చింది. ఆ డబ్బు ఎవరికి చేరిందో పిల్లల్ని అడగండి. ఎక్కువగా భూస్వాములకే! సాగు తగ్గేసరికి, వాటాకి సేద్యం చేసే కుటుంబాలెన్నో పనీ, ఇల్లూ పోగొట్టుకున్నాయి. అందుకే 1934లో ఆర్కన్సా రాష్ట్రం పాయిన్‌సెట్ కౌంటీలోని టైరోంజాలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి కౌలు రైతుల సంఘం పెట్టుకున్నారు.

ఇది మన కథ కూడా. 2018లో మొదలైన తెలంగాణ రైతుబంధు ఎకరానికి, సీజనుకు 4,000 రూపాయలు పట్టాదారులకే ఇచ్చింది, కౌలుదారులకు కాదు. ఊళ్లో మీ పేరున పట్టా ఉందా? ఆ పొలం దున్నేది ఎవరో పిల్లలకు చెప్పండి. 'కౌలు' అన్న మాట అక్కణ్ణించే నేర్పండి.