పాతబస్తీలో మైలేజీ

మొన్న సాయంత్రం మదీనా నుంచి గుల్జార్ హౌజ్‌కి కారులో ఇరవై నిమిషాలు పట్టింది. కిలోమీటరు కూడా లేదండీ!

1591లో చార్మినార్ కట్టించిన కులీ కుతుబ్ షా ఆ వీధులు వేయించింది ఏనుగులకీ పల్లకీలకీ. మూసీ వరద (1908) తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టిని వెడల్పు చేసింది. అప్పట్లో మోటార్లు ఉన్నది గొప్పవాళ్ళకే. ఆరో నిజాం తెప్పించుకున్న రోల్స్‌రాయిస్ ఇప్పటికీ చౌమహల్లాలో ఉంది. అది రాకముందే, 1911లో, ఆయన పోయారు. దాని మైలేజీ ఎవరడిగారు?

అడిగేది ఆటోవాడే, ఆ రోజు కూలి అందులోంచే మిగలాలి కదా. బ్రేకు వేసిన ప్రతిసారీ పెట్రోలు పోసి తెచ్చుకున్న వేగం వేడిగా పోతుంది, మళ్ళీ ఫస్ట్ గేరే. ఊరికే ఆగి ఉన్నా కారు గంటకి అర లీటరు పైనే తాగుతుంది. చలికాలం పొద్దున్నే ఇంజను వేడెక్కేదాకా ఇంకాస్త ఎక్కువ. మన చలి ఎంతని, డెట్రాయిట్‌లో ఉన్నవాళ్ళు నవ్వుతారు! కానీ ఇక్కడ ఇంజను వేడెక్కేలోపే షాపు వచ్చేస్తుంది.

నా పక్కనున్న ఆటోవాడు ఇంజను ఆపేసి, కాలితో నేలని తన్నుతూ బండిని ముందుకి జరుపుకుంటున్నాడు. నేనేమో ఏసీ వేసుకుని హారన్ కొడుతున్నా.