సిపాయి ఉత్తరం నుంచి జవాను రీల్ దాకా

ఈ వారం టాపిక్ సైనికుడు, అతని చేతిలో ఫోను. యూనిఫాంలో ఉన్న మనిషి ఏం పోస్ట్ చేయొచ్చు, ఏం చేయకూడదు, కష్టం వస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఈ గొడవకి పెద్ద చరిత్రే ఉంది. మీలో చాలామంది పొద్దున్నే గ్రౌండ్‌కెళ్లి పరుగులు తీస్తూ ఆర్మీకి ప్రిపేర్ అవుతున్నారని కామెంట్లలో చూస్తుంటాను. అందుకే కాస్త ఓపిగ్గా వినండి.

మన విశాఖపట్నంతోనే మొదలుపెడదాం. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఇంటెలిజెన్స్ విభాగం, నేవీ ఇంటెలిజెన్స్, కేంద్ర సంస్థలు కలిసి ఒక గూఢచర్యం కేసు బయటపెట్టాయి. ఏడుగురు నేవీ సిబ్బంది, ఒక హవాలా మనిషి అరెస్టయ్యారు. ఆ ఆపరేషన్‌కి డాల్ఫిన్స్ నోస్ అని వైజాగ్ కొండ పేరే పెట్టారు. పోలీసుల ఆరోపణ ఏంటంటే, ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేరుతో ఫ్రెండ్ రిక్వెస్టులు వచ్చాయి, పరిచయం పెరిగింది, ఆ తర్వాత బెదిరింపులు, డబ్బులు, చివరికి నౌకల సమాచారం పాకిస్తాన్ వైపు వెళ్లింది. కేసు తర్వాత ఎన్ఐఏ చేతికి పోయింది. ఆ నెల తిరక్కముందే నేవీ తన బేస్‌లలో, డాక్‌యార్డుల్లో, యుద్ధనౌకల మీద స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది. ఫేస్‌బుక్ కూడా వద్దంది.

ఇది వినగానే "ఫోన్లొచ్చి చెడగొట్టాయి" అనేస్తాం. కానీ ఫోన్‌కి ముందు టెలిగ్రాం ఉంది, దానికి ముందు ఉత్తరం ఉంది. ఇదే తగువు అప్పుడూ జరిగింది.

క్రిమియా యుద్ధం. 1853 నుంచి 1856 దాకా. ఒకవైపు రష్యా, ఇంకోవైపు బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ. 1854లో బ్రిటిష్ సైన్యం సెవాస్తపోల్ కోటని ముట్టడించి, ఎముకలు కొరికే చలిలో అక్కడే ఇరుక్కుపోయింది. నవంబర్ 14న పెద్ద తుఫాను వచ్చి సరుకు నౌకలు మునిగిపోయాయి. చలికోట్లు తెస్తున్న ఓడ కూడా అందులోనే పోయింది. సైనికులు తూటాల కంటే కలరాకి, విరేచనాలకి, చలికి ఎక్కువమంది చచ్చిపోయారు. ఈ సంగతులన్నీ లండన్‌లో జనానికి ఎలా తెలిశాయి? టైమ్స్ పత్రిక విలేకరి విలియం హోవార్డ్ రస్సెల్ అక్కడుండి రాశాడు. ఆయన ఒక్కడే కాదు, సైనికాధికారులు కూడా ఇంటికి ఉత్తరాలు రాశారు. ఇంట్లోవాళ్లు వాటిని పట్టుకెళ్లి పత్రికలకిచ్చారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే, ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టిన మెసేజ్‌ని ఎవరో స్క్రీన్‌షాట్ తీసి బయట వదిలేశారన్నమాట.

కమాండర్ లార్డ్ రాగ్లన్‌కి ఒళ్లు మండింది. మా ఫిరంగులు ఎక్కడున్నాయో, మందుగుండు ఎంతుందో పత్రికలో వేస్తే రష్యావాళ్లకి వేరే గూఢచారులెందుకని ఆయన వాదన. అందులో న్యాయం లేకపోలేదు. లండన్‌లో అచ్చయిన వార్త టెలిగ్రాం మీద శత్రువుకి చేరే రోజులు అప్పటికే వచ్చేశాయి.

కానీ రెండోవైపు కూడా చూడండి. ఆ వార్తలు చదివి బ్రిటన్‌లో జనం భగ్గుమన్నారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సుల్ని వెంటబెట్టుకుని 1854 నవంబర్‌లో స్కుటారి ఆసుపత్రికి వెళ్లింది ఈ ఒత్తిడి వల్లే. 1855 జనవరిలో సైన్యం పరిస్థితి మీద విచారణ వేయాలని పార్లమెంటులో తీర్మానం పెడితే, ప్రభుత్వం 148 ఓట్లు తెచ్చుకుని 305 ఓట్లతో చిత్తుగా ఓడిపోయింది. ప్రధాని అబర్డీన్ దిగిపోయాడు.

దీని తర్వాత ఏమైందో చూడండి. 1856 ఫిబ్రవరిలో, అప్పటికి కమాండర్‌గా ఉన్న కాడ్రింగ్టన్ ఒక ఆర్డర్ వేశాడు. శత్రువుకి పనికొచ్చే వివరాలు ప్రచురించకూడదు, రాసినవాళ్లని అక్కడినుంచి పంపించేస్తాం అని. సెవాస్తపోల్ అంతకుముందు సెప్టెంబర్‌లోనే పడిపోయింది, యుద్ధం దాదాపు అయిపోయింది! అయినా ఆ ఆర్డర్ ముఖ్యమైనది. తర్వాత వచ్చిన మిలిటరీ సెన్సార్‌షిప్‌కి దాన్నే తొలిమెట్టుగా చెబుతుంటారు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనికే వస్తాం. ఒకే ఉత్తరంలో రెండు సంగతులుంటాయి. ఫిరంగి ఎక్కడుంది అనేది ఒకటి. కాలికి బూట్లు లేవు అనేది రెండోది. మొదటిది రహస్యం. రెండోది ఫిర్యాదు. పైవాళ్లకి రెండూ ఇబ్బందే కాబట్టి రెండిటినీ ఒకే తాళం కింద పెట్టేయాలనిపిస్తుంది.

ఇప్పుడు మనవాళ్ల కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలమందికి పైగా భారతీయులు సముద్రం దాటారు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం పేరు వినే ఉంటారు, ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు. 1914 చివర్లో లాహోర్, మీరట్ డివిజన్లు ఫ్రాన్స్‌లో దిగాయి. ఎండలకి అలవాటుపడ్డ మనుషులు, బురద కందకాలు, మంచు, పైనుంచి గుళ్లవర్షం. వాళ్లలో చాలామందికి రాయడం రాదు. రాయడం వచ్చిన తోటివాడి దగ్గర కూర్చుని చెబితే అతను రాసిపెట్టేవాడు. ఊళ్లో కూడా అంతే, చదువొచ్చినవాడు గట్టిగా చదువుతుంటే చుట్టూ చేరి వినేవాళ్లు. అంటే ఆ ఉత్తరం మొదట్నుంచీ ప్రైవేటు కాదు. రాసేటప్పుడు ఒకడు వింటాడు, చేరాక ఊరంతా వింటుంది.

మధ్యలో ఇంకొకడు కూడా చదివేవాడు. ఫ్రాన్స్‌లోని బూలోన్‌లో భారతీయ సైనికుల ఉత్తరాల కోసం బ్రిటిష్‌వాళ్లు ఒక సెన్సార్ ఆఫీసు పెట్టారు. దానికి హెడ్ కెప్టెన్ హోవెల్, పూర్వం ఇండియాలో సివిల్ సర్వీసు అధికారి. ఎక్కువ ఉత్తరాలు ఉర్దూ, గురుముఖి, హిందీల్లో ఉండేవి. వాటిలోంచి ముఖ్యమైన ముక్కలు ఇంగ్లీషులోకి మార్చి పైకి రిపోర్టులు పంపేవాళ్లు. ఆపేసిన ఉత్తరాలు తక్కువే. అసలు పని మనోళ్ల మూడ్ ఎలా ఉంది, తిరగబడతారా, విసిగిపోయారా అని నాడి చూడటం.

సిపాయిలకి ఈ సంగతి తెలుసు. తెలిసే రాశారు. "ఇటు రావొద్దు" అని తమ్ముడికి నేరుగా రాస్తే తంటా కదా. అందుకని మిర్చి భాష కనిపెట్టారు. కాలీ మిర్చ్ అంటే మన సిపాయిలు, లాల్ మిర్చ్ అంటే తెల్ల సోల్జర్లు. మిరియాలు అయిపోవస్తున్నాయి, ఎండుమిర్చి మాత్రం అక్కడక్కడే వాడుతున్నారు అన్నట్టు రాసేవాళ్లు. అర్థమైందిగా? సెన్సార్‌వాళ్లకీ అర్థమైపోయింది, అది వేరే విషయం. నాకు మాత్రం ఇది చదివినప్పుడల్లా నవ్వూ వస్తుంది, గుండె పట్టేసినట్టూ ఉంటుంది. పేరు లేకుండా, వంటింటి దినుసుల మాటున దాక్కుని "మమ్మల్నే ముందుకు తోస్తున్నారు" అని చెప్పుకోవాల్సి వచ్చింది చూడండి.

ఇంకో చిత్రం ఏంటంటే, ఆ మామూలు సిపాయి ఏమనుకున్నాడో ఈ రోజు మనకి తెలుస్తున్నది చాలావరకు ఆ సెన్సార్ రిపోర్టుల వల్లే. అవి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. నిఘా పెట్టినవాడి ఫైలే చివరికి చరిత్ర పుస్తకమైంది.

సరే, ఇక ఫాస్ట్‌గా డిజిటల్ కాలానికి వచ్చేద్దాం. 2004 ఏప్రిల్‌లో ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలు ఫోటోలు టీవీలో వచ్చాయి. అమెరికన్ సైనికులు ఖైదీల్ని హింసిస్తూ, పక్కనే బొటనవేలు పైకెత్తి నవ్వుతూ తామే తీసుకున్న ఫోటోలు. టూర్‌కెళ్లి గుర్తుగా తీసుకున్నట్టు. కొంతమంది అప్పట్లో "ఫోటోలు బయటికి రావడం వల్ల సైన్యం పరువు పోయింది" అన్నారు. పరువు పోయింది ఫోటో వల్లా, ఫోటోలో ఉన్న పని వల్లా? ఒక తోటి సైనికుడు ఆ ఫోటోల సీడీ తీసుకెళ్లి దర్యాప్తు అధికారులకి ఇవ్వడం వల్లే విచారణ మొదలైంది. నా దృష్టిలో ప్రొఫెషనల్ అంటే అతనే.

2010లో ఇజ్రాయెల్ సైనికుడొకడు రేపు ఫలానా ఊరి మీద రెయిడ్ ఉందని ఫేస్‌బుక్ స్టేటస్ పెట్టేశాడు. అతని ఫ్రెండ్స్ లిస్టులో ఉన్న తోటి సైనికులే పైవాళ్లకి చెప్పారు. రెయిడ్ క్యాన్సిల్, మనోడికి 10 రోజులు జైలు. 2018 జనవరిలో ఇంకా విచిత్రం. స్ట్రావా అని రన్నింగ్ యాప్ ఉంది కదా, ప్రపంచమంతా యూజర్లు ఎక్కడెక్కడ పరిగెత్తారో ఒక మ్యాప్ వేసింది. ఆస్ట్రేలియాలో ఒక కాలేజీ కుర్రాడు అది జూమ్ చేసి చూస్తే, అఫ్గానిస్తాన్, సిరియా ఎడారుల్లో వెలుగు గీతలు. అక్కడ జాగింగ్ చేసేది ఎవరు? అమెరికన్ సైనికులు! బేస్ ఆకారం మొత్తం కనిపించింది. ఎవరూ ఏమీ పోస్ట్ చేయలేదు, చేతికి బ్యాండ్ కట్టుకుని పరిగెత్తారంతే. ఆ ఏడాది ఆగస్టులో యుద్ధ ప్రాంతాల్లో లొకేషన్ చూపే పరికరాలన్నీ ఆపేయాలని పెంటగాన్ ఆర్డర్ వేసింది. పొద్దున రన్నింగ్ యాప్ ఆన్ చేసుకునే తమ్ముళ్లూ, విన్నారుగా.

ఇప్పుడు మన దేశం. 2017 జనవరిలో ఒక వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. బీఎస్ఎఫ్ జవాను తేజ్ బహదూర్ యాదవ్ మంచు కొండల మధ్య నిలబడి, మాడిన రొట్టె, పసుపూ ఉప్పూ తప్ప ఇంకేమీ లేని పప్పు చూపించాడు. దేశమంతా ఊగిపోయింది, ప్రధాని కార్యాలయం రిపోర్టు అడిగింది. బీఎస్ఎఫ్ ఆర్మీ కాదు, హోంశాఖ కింద ఉంటుంది, అయినా ఆ వెనకే మరికొందరు జవాన్లు కూడా వీడియోలు పెట్టారు. అప్పటి ఆర్మీ చీఫ్ బిపిన్ రావత్, హెడ్‌క్వార్టర్లలో ఫిర్యాదుల పెట్టెలు పెడతాం, నేరుగా నాకే చెప్పండి, పేరు బయటికి రానివ్వం అన్నారు. ఆ రెండు రోజులకే ఆర్మీ డే నాడు, సోషల్ మీడియాకెక్కితే శిక్ష తప్పకపోవచ్చని హెచ్చరించారు. ఏప్రిల్‌లో యాదవ్ ఉద్యోగం పోయింది.

చట్టం ఏం చెబుతుంది? రాజ్యాంగంలో 33వ అధికరణం ఉంది. సైన్యం, సాయుధ బలగాల్లో ఉన్నవాళ్ల ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు కుదించొచ్చు. అంటే మీకూ నాకూ ఉన్నంత వాక్‌స్వాతంత్య్రం యూనిఫాంలో ఉండదు. పత్రికలకెక్కడం మీద 1954 ఆర్మీ రూల్స్‌లోనే ఆంక్షలున్నాయి. కానీ అదే 1950 ఆర్మీ చట్టంలో 26వ సెక్షన్ కూడా ఉంది. పైవాడు అన్యాయం చేశాడనుకుంటే ఇంకా పైవాడికి ఫిర్యాదు చేసుకునే హక్కు జవానుకి ఇస్తుంది అది. నోరు మూసుకో అని మాత్రమే చట్టం అనలేదు, ఎక్కడ తెరవాలో కూడా చెప్పింది. చిక్కల్లా ఎక్కడంటే, ఎవరి మీద ఫిర్యాదో ఆయన చేతుల మీదుగానే కాగితం కదలాల్సి వస్తే చెప్పే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఫోన్‌లో వీడియో తీయడం తప్పే అనుకుందాం. ఆ జవానుకి అంతకంటే దగ్గరి దారి కనపడలేదంటే, ఆ తప్పులో వాటా అతనొక్కడిదేనా?

2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ జరిగింది. మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు అమరుడైంది అక్కడే. తర్వాత నెలలో ఆర్మీ 89 యాప్‌ల లిస్టు ఇచ్చి, జులై 15లోగా ఫోన్లలోంచి తీసేయమంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ట్రూకాలర్, పబ్జీ అన్నీ ఉన్నాయి అందులో. ఒక లెఫ్టినెంట్ కల్నల్ ఢిల్లీ హైకోర్టుకెళ్లారు. దూరాన ఉండే మాకు ఇంటివాళ్లతో మాట్లాడుకోవడానికి ఇదే ఆధారం అని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు, ఆగస్టులో పిటిషన్ కొట్టేసింది. దేశభద్రత విషయంలో కోర్టు ఆచితూచి వెళ్లడం నాకర్థమవుతుంది. కానీ ఆరు నెలలు పిల్లల మొహం చూడనివాడి బాధ కూడా చిన్నదేం కాదు.

నిషేధం ఒక్కదానితో పని జరగదని రష్యా చూపించింది. సైనికులు ఆన్‌లైన్‌లో సర్వీసు వివరాలు పెట్టకూడదని 2019లోనే అక్కడ చట్టం తెచ్చారు. అయినా 2023 న్యూ ఇయర్ రాత్రి యుక్రెయిన్‌లోని మకీవ్కాలో రష్యా సైనికులున్న బిల్డింగ్ మీద రాకెట్లు పడ్డాయి. 89 మంది చనిపోయారని రష్యా చెప్పింది, యుక్రెయిన్ లెక్క వందల్లో ఉంది. కారణం ఏంటని అడిగితే, సైనికులు వద్దన్నా ఫోన్లు వాడారు, సిగ్నల్ పట్టేసి కొట్టారు అని రష్యా అధికారులన్నారు. అక్కడి మిలిటరీ వ్యాఖ్యాతలే ఎదురు తిరిగారు. అంతమందిని ఒకే బిల్డింగ్‌లో, మందుగుండు దగ్గర్లో పెట్టమన్నది ఎవరు అని. చనిపోయిన కుర్రాళ్ల మీదకి నెట్టేయడం ఎంత తేలికో చూడండి. ఫిరంగీ, బూట్లూ అని ఇందాక చెప్పానే, ఇక్కడ కూడా అదే ముడి.

చివరగా ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్లకి ఒక్క విషయం. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో ఏం జరిగిందో గుర్తుందా? అగ్నిపథ్‌కి వ్యతిరేకంగా కుర్రాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో పిలుపులిచ్చుకుని వచ్చారు, రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా కుర్రాడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. తర్వాత పోలీసులు వెతికింది ఆ గ్రూపుల్లోని మెసేజ్‌లనే. రెండు రోజులకి సైన్యం ప్రకటించింది, చేరాలనుకునే ప్రతివాడూ ఆ విధ్వంసంలో లేనని రాసివ్వాలి, పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది అని. అప్పటికి ఆ కుర్రాళ్లు ఒక్కరోజు కూడా యూనిఫాం వేసుకోలేదు. రెండేళ్లు పరిగెత్తి ఫిజికల్స్ పాసై, రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లు చాలామంది వాళ్లలో ఉన్నారు.

ఈ వారానికి ఇంతే. మీ ఇంట్లో తాతలు, ముత్తాతలు పటాలంలో పనిచేసి, వాళ్ల ఉత్తరాలు ట్రంకుపెట్టెలో ఉంటే కామెంట్లో చెప్పండి. దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం. ఉంటానండీ.